మూడో హాల్లో పెళ్లి

సెప్టెంబర్ 8, సోమవారం

ఈ డైరీని ఎవరూ చదవరు. అందుకే ముందుగా అందరికీ క్షమాపణలు. సినిమా కళకు, అల్మాటీ నగర పౌరులకు, ఇంటర్నెట్ కనిపెట్టిన మహానుభావులకు, మా నాన్న వైపు ఏడు తరాల తాతలకు, వాళ్ల గుర్రాలకు కూడా తలవంచి మనవి చేసుకునేదేమనగా, ఇకమీదట జరగబోయే సకల అనర్థాలకూ నేనే బాధ్యుణ్ణి. అనర్థం ఏమిటో ఇంకా తెలియదు. కానీ నాకు పని దొరికింది కాబట్టి ఏదో ఒకటి జరిగి తీరుతుంది.

నేనూ, నాతో చదివిన తొల్కినూ కాలేజీ అయ్యాక ఒక గది అద్దెకు తీసుకుని, రాబోయే సినిమాలకు వెబ్‌సైట్లు చేస్తున్నాం. గది కింద మాంసం కూరిన సమ్సాలు అమ్మే కొట్టు. మా దగ్గరికి వచ్చిన ప్రతి నిర్మాతకీ ముందు ఆకలి వేస్తుంది, తర్వాత మేం గుర్తొస్తాం. తొల్కిన్ బొమ్మలు వేస్తుంది, కోడ్ రాస్తుంది, ఫోన్లు మాట్లాడుతుంది. నేను ఆలోచిస్తాను. కార్డు మీద జిగెర్ అన్న నా పేరు కింద క్రియేటివ్ డైరెక్టర్ అని ఉంటుంది. అది ఆలోచించింది కూడా నేనే.

ఇవాళ రాబిగా అపా వచ్చారు, మా అందరికీ పెద్దక్క లాంటావిడ. జీవితమంతా ఇతరుల సినిమాలు ఎడిట్ చేసిన మనిషి. పెద్ద డైరెక్టర్లు అడ్డదిడ్డంగా తీసినవాటిని కత్తిరించి, అతికించి, మనుషులు చూడగలిగేలా చేసి, తాను మాత్రం చివరి పేర్లలో చీమంత అక్షరాల్లో మిగిలిపోయారు. ఇప్పుడు సొంతంగా ఒక సినిమా తీశారు. పేరు 'దామెష్ సరేనంది'. ఎసిర్కెప్ అని డెబ్బై దాటిన పశువుల డాక్టరు, దామెష్ అని బళ్లో వంట చేసి రిటైరైన ఆవిడ, పెళ్లి చేసుకుందామనుకుంటారు. పిల్లలు వద్దంటారు. కథ అంతే. తుపాకీ లేదు. స్టార్ లేడు. గుర్రం కూడా ఒక్కటే, అది ముసలిది.

అరాయ్ థియేటర్ మేనేజరు మార్లెన్ అగా మూడో హాలు ఇచ్చాడట. మూడో హాలంటే టాయిలెట్ల పక్కది. అక్టోబర్ 2, గురువారం సాయంత్రం ఒక్క షో. హాలు నిండితే సినిమా ఉంటుంది. నిండకపోతే శుక్రవారం నుంచి అక్కడ కూడా అమెరికా సూపర్‌హీరోలు ఎగురుతారు. మొదటి రెండు హాళ్లలో ఇప్పటికే ఎగురుతున్నారు. ఇక్కడ ఒకసారి తీసేస్తే ఇంకే ఊళ్లోనూ ఎవరూ వెయ్యరు నాయనా, అని అపా చాలా మామూలుగా, వాతావరణం చెప్పినట్టు చెప్పారు.

నేను గుండె మీద చెయ్యి వేసుకుని, అపా, హాలు నింపే పూచీ నాది అన్నాను.

తొల్కిన్ బల్ల కింద నా కాలు తొక్కింది.

సెప్టెంబర్ 9

ఐడియా లేదు. సమ్సా తిన్నాను.

సెప్టెంబర్ 10

మొదటి సైట్ సిద్ధం. నల్లటి పేజీ, మధ్యలో ఎర్ర అంకెలతో వెనక్కి నడిచే గడియారం, కింద 'ఆమె ఏమంటుంది?' అనే ప్రశ్న. నాకు ఒళ్లు గగుర్పొడిచింది. తొల్కిన్ చూసి, ఇది పెళ్లి సినిమానా, బాంబు సినిమానా అంది. మార్లెన్ అగాకి పంపితే ఆయన ఫోన్ చేసి, బాబూ, ఇది మా థియేటర్ పేరుతో బయటికొస్తే ముందు పోలీసులొస్తారు, వాళ్లు టికెట్ కొనరు అన్నాడు.

సెప్టెంబర్ 11

రెండో సైట్. 'మీలో ఎసిర్కెప్ ఎంత శాతం?' అనే ఆట. నేను ఆడితే నాలుగు శాతం వచ్చింది. తీసేశాం.

సెప్టెంబర్ 13, శనివారం

మా అజె గురించి రాయాలి. నాయనమ్మ అనేకంటే సంస్థ అనడం మేలు. ముగ్గురు జిల్లా అధికారుల్నీ, ఒక సోవియట్ యూనియన్‌నీ సాగనంపిన మనిషి. ఆమె ఫోన్లో పుట్టింటి గ్రూపు, మెట్టినింటి గ్రూపు, మెట్టినింటివాళ్లతో మాటల్లేనివాళ్ల గ్రూపు, మోకాళ్ల నొప్పుల గ్రూపు, ఇంకా ఎన్నో ఉన్నాయి. ఇది పెళ్లిళ్ల కాలం కావడంతో ఫోన్ రోజంతా కూస్తూనే ఉంటుంది.

ఇవాళ పొద్దున నేను టీ తాగుతుండగా ఆమెకు ఒక లింక్ వచ్చింది. నొక్కగానే దోంబ్రా తీగలు మోగాయి. తెల్ల పావురాలు ఎగిరాయి. బంగారు అక్షరాల్లో ఎవరో అబ్బాయి పేరు, ఎవరో అమ్మాయి పేరు, తోయ్‌కి, అంటే పెళ్లి విందుకి, రమ్మని పిలుపు, తేదీ, హాలు పేరు. కింద రెండు బటన్లు. ఒకటి 'వస్తున్నాను', రెండోది 'జంటగా వస్తున్నాం'. రాలేను అనే బటన్ లేదు. పెట్టినా ఎవరూ నొక్కరు.

అజె కళ్లద్దాలు పెట్టుకోకుండానే వస్తున్నాను నొక్కింది.

ఎవరి పెళ్లి అజె అన్నాను. ఎవరో మనవాళ్లదేలే అంది. మనవాళ్లంటే అబ్బాయి వైపా, అమ్మాయి వైపా అన్నాను. నా చదువుకి పెట్టిన ఖర్చంతా ఒక్కసారి గుర్తొచ్చినట్టు నా మొహం చూసింది. పిలిచినవాణ్ణి పట్టుకుని నువ్వెవరు అని అడుగుతార్రా ఎవరన్నా, ఏడు తరాలు నోటికి రావాల్సినవాళ్లం, తెలీదని బయటపడితే మొహం ఎక్కడ పెట్టుకుంటాం, వెళ్లి కూర్చుంటే గుర్రం మాంసం కజీ ప్లేటు వచ్చేలోపు పక్కనున్నవాళ్లు ఎవరో ఒకరు చెప్తారు అంది.

పక్కనున్నవాళ్లకీ తెలియకపోతేనో అన్నాను.

అప్పుడు అందరం కలిసి తింటాం అంది.

నేను టీ గిన్నె కింద పెట్టేశాను.

అదే రోజు, మధ్యాహ్నం

తొల్కిన్‌కి ఫోన్ చేశాను. ఎసిర్కెప్, దామెష్‌ల పెళ్లికి పిలుపు చేద్దాం, సినిమా సైట్‌లా కాదు, అచ్చం తోయ్ పిలుపులా అన్నాను. ఇది నీకు తట్టిందా, మీ అజెకి తట్టిందా అంది. నా మేధస్సు పట్ల జనానికి ఉన్న ఈ అపనమ్మకం గురించి వేరే డైరీ రాయాలి.

సెప్టెంబర్ 15

తొల్కిన్ చేతిలో ఏదో దేవత ఉంది. మామూలు పిలుపుల్లో రెండు పావురాలుంటే దీన్లో మంద ఎగురుతుంది. దోంబ్రా దానంతటదే మోగుతుంది, ఎంత వెతికినా ఆపే బటన్ దొరకదు. మధ్యలో వాళ్లిద్దరి ఫోటో. సినిమాలో వేసింది థియేటర్ నాటకాల నుంచి రిటైరైన ఇద్దరు నటులు. ఎవరూ గుర్తుపట్టరు. ఆయన టోపీ, ఆవిడ తెల్ల తలగుడ్డ చూస్తే మాత్రం ఎక్కడో చూసినట్టే ఉంటుంది. ప్రతి ఇంటి గోడ మీదా ఇలాంటి ఫోటో ఒకటి ఉంటుంది.

మాటలు నేను రాశాను. 'ప్రియ బంధుమిత్రులారా, ఎసిర్కెప్, దామెష్‌ల తోయ్‌కి తప్పక రండి. అక్టోబర్ 2, సాయంత్రం ఆరింటికి. అరాయ్, మూడో హాలు.' మామూలుగా కింద పిల్లల పేర్లుంటాయి, ఆహ్వానిస్తున్నది మేమే అని. మేం అక్కడ 'పిల్లలకు ఇంకా చెప్పలేదు' అని పెట్టాం. ఆ కింద బటన్లు. బటన్ల కింద సినిమా పేరు, రాబిగా అపా పేరు, టికెట్ల సంగతి. ఇంత స్పష్టంగా ఉంటే ఎవరికైనా అర్థమవుతుంది.

అపా చూసి నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది. నా సినిమాలో ఆ పెళ్లికి ఎవరూ రారు, తెలుసుగా అన్నారు. ఆఖరి సీను అది. నలుగురే వస్తారు. మిగతా బల్లలన్నీ ఖాళీ. నిజానికి నిండు పెళ్లి తియ్యాలనుకున్నారట. జూనియర్ ఆర్టిస్టులకి భోజనాలు పెట్టే స్థోమత లేక ఖాళీ బల్లలు తీశారు. విమర్శకులు దాన్ని శైలి అంటారేమో చూడాలి అన్నారు.

సెప్టెంబర్ 17

పొద్దున సైట్ వదిలాం. సాయంత్రానికి చూసినవాళ్లు: నేను, తొల్కిన్, అపా. అపా రెండుసార్లు.

సెప్టెంబర్ 18

నాలుగో మనిషి వచ్చాడు. అది నేనే, అన్నయ్య ఫోన్ నుంచి.

సెప్టెంబర్ 19, శుక్రవారం

సినిమా పిచ్చివాళ్ల గ్రూపులన్నిట్లో పెట్టాను. అందరూ వెంటనే కనిపెట్టేశారు. క్రియేటివ్ అన్నారు. బొటనవేళ్లు చూపించారు. నవ్వి చనిపోతున్నామన్నారు. ఒక్కడూ బటన్ నొక్కలేదు. జోకు అర్థమైనవాడికి ఇక థియేటర్‌కి రావాల్సిన పనేముంది?

అపా ఫోన్ చేసి ఎలా ఉంది నాయనా అన్నారు. అద్భుతంగా ఉందన్నాను. జీవితమంతా అబద్ధపు షాట్లు కత్తిరించిన మనిషి ముందు అబద్ధమాడటం అంత తేలిక కాదు.

ఇంటికొచ్చాను. మొహం అలా వేలాడదీశావేంట్రా అంది అజె. ఏదో చెప్పాను. అన్నం తినకుండా పడుకున్నాను.

సెప్టెంబర్ 20, ఉదయం

తొల్కిన్ ఫోన్ చేసి, ఏం చేశావ్ అంది. ఏం చెయ్యలేదన్నాను. నలభై మంది వస్తున్నామన్నారు అంది.

మధ్యాహ్నం

నలభై కాదు.

సాయంత్రం

షిమ్‌కెంట్ నుంచి. తరాజ్ నుంచి. అక్తోబె నుంచి. అక్తోబె ఎక్కడుంది, అల్మాటీ ఎక్కడుంది? దేశానికి ఆ చివర. దాదాపు అందరూ రెండో బటన్. జంటగా వస్తున్నాం.

తొల్కిన్ గదిలో గెంతింది. కింద సమ్సా కొట్టాయన చీపురు కర్రతో కప్పు పొడిచాడు. నేను క్రియేటివ్ డైరెక్టర్లు ఎలా నిలబడాలో అలా కిటికీ దగ్గర నిలబడి కొండల వైపు చూశాను. ప్రతిభ ఎన్నాళ్లో దాగదు. అజెతో ఈ మాట చెబుదామని వెళితే ఆమె ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది. పెనంలా కాలిపోతోంది.

సెప్టెంబర్ 22

ఇవాళ, బటన్ నొక్కాక జనం రాసిన కామెంట్లు చదివాం. చదివాక కూర్చున్నాం.

ఒకాయన, ఎసిర్కెప్ అగా, మోకాలు ఎలా ఉంది, నాకు గుర్రమెక్కడం నేర్పింది మీరేగా, కంట నీళ్లొచ్చాయి అని రాశాడు. ఒకావిడ, ఈ దామెష్ మా పెదనాన్న రెండో కోడలి అక్క, మొదటి మొగుడు మంచివాడు కాదు, పోనీలే ఇప్పటికైనా అని రాసింది. ఆవిడ కింద ఇంకొకావిడ, కాదమ్మా, నువ్వు చెప్పే దామెష్ లావుగా ఉంటుంది, ఇది మా వైపు దామెష్ అంది. వాళ్లిద్దరూ గంటసేపు కొట్టుకుని చివరికి తామిద్దరూ అక్కచెల్లెళ్ల వరస అవుతారని తేల్చుకున్నారు. మూడో ఆయనకి కోపం వచ్చింది. ఇంత దగ్గరి చుట్టాన్ని, నాకు ఈ కబురు మూడో మనిషి ద్వారా తెలియాలా, అయినా వస్తాను, కానీ మాట్లాడను అని రాశాడు. నాలుగో ఆయన గొర్రెని తెచ్చేదా, కోసి తెచ్చేదా అని అడిగాడు.

వీళ్లు నిజం పెళ్లి అనుకుంటున్నారు అంది తొల్కిన్.

అంత స్పష్టంగా రాశాంగా అన్నాను.

బటన్ల కింద రాశాం. బటన్ నొక్కినవాడు ఇంకా కిందికి ఎందుకు పోతాడు, మీ అజె పోతుందా అంది.

పోదు.

సెప్టెంబర్ 23

అపాకి చెప్పేశాం. నేను చెప్పలేదు. తొల్కిన్ చెప్పింది. నేను పక్కన తల ఊపాను.

నిజం చెబితే జనం మొహం చాటేస్తారు, హాలు ఖాళీ. చెప్పకపోతే హాలు నిండుతుంది, కోపంతో. ఏది చేసినా శుక్రవారం నుంచి అమెరికావాళ్లే అన్నాను.

అపా కామెంట్లన్నీ కూర్చుని చదివారు. ఆ గుర్రం ఆయన కామెంట్ దగ్గర చాలాసేపు ఆగారు. తర్వాత ఫోన్ తిరిగిచ్చి, నేను చేసిన పెళ్లికి మనుషులొస్తున్నారు జిగెర్, వాళ్లని మోసం చేసి కూర్చోబెట్టను, మీరు పైనే పెద్దక్షరాలతో రాయండి, ఆ తర్వాత ఎవరు మిగిలితే వాళ్లే నా ప్రేక్షకులు అన్నారు.

మూడో హాలు నిండదు అపా అన్నాను.

నిండకపోతే నిండదు అన్నారు. ఆ మాట అన్నాక మాత్రం టీ తాగలేదు.

సెప్టెంబర్ 24

పేజీ నెత్తిన, పావురాల కంటే పైన, ఎర్రటి అక్షరాలతో పెట్టాం: 'ఇది నిజం పెళ్లి కాదు. సినిమా.'

ఇంతకంటే చప్పటి వాక్యం నేనెప్పుడూ రాయలేదు. సంతాప సూచకంగా ఇవాళ సమ్సా మానేశాను.

సెప్టెంబర్ 25

రాసి పెట్టుకోవాలి, లేకపోతే తర్వాత నేనే నమ్మను. వచ్చేవాళ్ల సంఖ్య పెరిగింది.

ఎందుకంటే జనం ఎర్రక్షరాలు చదివారు. చదివి కింద 'పిల్లలకు ఇంకా చెప్పలేదు' అన్నది కూడా చదివారు. రెండూ కలిపి వాళ్లకి వాళ్లే అర్థం చేసుకున్నారు. పిల్లలకి తెలిసిపోయిందన్నమాట, పరువు పోతుందని ఇది సినిమా అని రాయించేశారు, సిగ్గుండాలి ఆ పిల్లలకి అని ఒకావిడ రాసింది. కని పెంచినవాళ్లు ఒక్క ముద్ద తోడుగా తింటామంటే ఓర్వలేరా అని ఇంకొకావిడ. మూడో మనిషి ద్వారా తెలిసిందని అలిగినాయన మళ్లీ వచ్చి, నేను మాట్లాడనన్నాను, మాట్లాడతాను, ఆ కొడుకు ఎదురుపడితే మాట్లాడతాను అని రాశాడు.

ఒకాయన మాత్రం ఎర్రక్షరాలని బాగానే అర్థం చేసుకున్నాడు. మంచిదే, తోయ్‌లో వధూవరుల ప్రేమకథ వీడియో వేస్తారుగా, దాని గురించే, మా అమ్మాయి పెళ్లిలో కూడా వేశాం అని అందరికీ వివరించాడు.

తొల్కిన్ తల బల్లకి ఆనించి నవ్వుతోంది. మధ్యమధ్య ఏడుస్తున్నట్టు కూడా ఉంది. అపాకి చూపించాం. ఆమె సినిమాలో దామెష్ కూతురు సరిగ్గా పరువు అన్న మాటే అంటుంది. అపా కిటికీ దగ్గరికి వెళ్లి, కొండలవైపు నిలబడ్డారు. నేను నిలబడ్డట్టు కాదు. నిజంగా.

ఇక టీలోకి బౌర్సాకు రొట్టెలు ఎవరు వేయిస్తారు అన్నారు. వస్తున్నవాళ్లకి టీ అయినా పొయ్యకుండా పంపుతామా?

సెప్టెంబర్ 27

మార్లెన్ అగా ఫోన్. ఆయన గొంతు పైకీ కిందికీ పోతోంది. పొద్దున్నుంచి నా టికెట్ల అమ్మాయి టికెట్ అమ్మలేదు, ఫోన్లెత్తుతోంది, విందులో బెష్‌బర్మక్ గుర్రం మాంసంతోనా గొర్రె మాంసంతోనా అని అడుగుతున్నారు, తల్దికోర్గాన్ నుంచి బస్సొస్తోందట, ఎక్కడ ఆపాలట, ఒకడు నన్ను పెళ్లికొడుకు కొడుకనుకుని తిట్టాడు, మా నాన్న పోయి పదేళ్లైంది, నేను సినిమా హాలు నడుపుతున్నానా, తోయ్‌ఖానా నడుపుతున్నానా అన్నాడు.

అగా, మీరు హాలు నిండాలన్నారు అన్నాను.

నిండాలన్నాను, టికెట్లతో నిండాలన్నాను అన్నాడు. పెళ్లికొచ్చేవాడు టికెట్ కొంటాడా?

ఇది నాకు తట్టలేదు.

సెప్టెంబర్ 30

తొల్కిన్ బజారుకెళ్లి తాడు కొనుక్కొచ్చింది. ఉరికా అన్నాను. నీకైతే అవును, మిగతావాళ్లకి కాదు అంది. పెళ్లికొడుకు వాళ్లు వస్తుంటే వదినలు దారికడ్డంగా తాడు పట్టుకుంటారుగా, కానుక ఇస్తేగాని కదలనివ్వరుగా, మూడో హాలు గుమ్మంలో నేను తాడు పట్టుకుంటాను, కానుక టికెట్ ధర అంది.

నేను మెచ్చుకోలేదు. మెచ్చుకుంటే ఐడియా ఆమెదని ఒప్పుకున్నట్టవుతుంది.

అక్టోబర్ 1

నిద్ర రాక సైట్లో పావురాల్ని లెక్కపెట్టాను, మూడుసార్లూ వేరే లెక్క వచ్చింది.

అక్టోబర్ 3, ఉదయం

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను. నిన్న చేతులు ఖాళీ లేవు. చప్పట్లు కొడుతున్నాను.

ఐదింటికే మొదలైంది. మఖ్మల్ కోట్లు, వెండి గాజులు, నాఫ్తలీన్ వాసన, తెల్ల తలగుడ్డలు. పక్క హాలుకి వచ్చిన కుర్రాళ్లు పాప్‌కార్న్ పట్టుకుని గోడలకి అతుక్కుపోయారు. తల్దికోర్గాన్ బస్సు నిజంగానే వచ్చింది. గొర్రెని తెచ్చేదా అన్నాయన దాన్ని కోసి, ఉడికించి, గిన్నెతో సహా తెచ్చాడు. మార్లెన్ అగా గిన్నె మూత తీసి చూసి, ఏమీ అనకుండా తన ఆఫీసు తాళం ఇచ్చాడు, అక్కడ పెట్టుకోమని.

గుమ్మంలో తొల్కిన్, వాళ్ల పిన్ని మఖ్మల్ జాకెట్టు వేసుకుని, తాడు పట్టుకుని. తాడుకి ఫోన్‌తో డబ్బు కట్టే క్యూఆర్ బొమ్మ వేలాడుతోంది. ఏం వదినా, ఈమధ్య తాడు కూడా చదువుకుందా అన్నాడొకాయన. చదువుకుంది బావా, బేరమాడటం మాత్రం నేర్చుకోలేదు అంది తొల్కిన్. ప్రతి ఒక్కడూ నవ్వుతూ కట్టాడు. చేతిలో టికెట్ పెడితే, భలే ఉందే, దాచుకుంటాను అన్నారు. మా చుట్టాల పెళ్లిళ్లలో తాడు దగ్గర కొట్లాటలు చూశాను, తలలు పగిలాయి. ఇక్కడ వరసలో నిలబడ్డారు.

ఇద్దరు నటులూ వచ్చారు. సినిమాలో వేసుకున్న బట్టల్లోనే రమ్మని అపా చెప్పారు. వాళ్లు కారు దిగగానే, మా పెళ్లిళ్ల ఆచారం ప్రకారం, మిఠాయిలు వర్షంలా పడ్డాయి. ఒక ముసలాయన గుంపు చీల్చుకుని వచ్చి ఎసిర్కెప్‌ని వాటేసుకుని, ఏమీ మారలేదురా నువ్వు అన్నాడు. నటుడు నలభై ఏళ్లు స్టేజీ మీద బతికినవాడు. ఆయన వీపు నిమిరి, నువ్వూ మారలేదు అన్నాడు. దామెష్ మెడలో ఎవరో పూసల దండ వేశారు. ఆవిడ పేరు దామెష్ కాదు, భర్త పోయిన మనిషి, పిల్లలు దూరంగా ఉంటారు. దండ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మూడో హాలు నిండింది. నడవలు నిండాయి. బయట ఇంకా అంతమంది. మార్లెన్ అగా జనాన్ని చూశాడు, తాడు చూశాడు, టికెట్ల అమ్మాయిని చూశాడు. తర్వాత వెళ్లి రెండో హాల్లో ఎగిరేవాళ్లని ఆపేసి, ఆ హాలు కూడా మా సినిమాకి ఇచ్చేశాడు. అరగంట తర్వాత మొదటి హాల్లోనూ ఆపేశాడు. ప్రపంచాన్ని కాపాడే పని మధ్యలో ఆగిపోయింది. దాని గురించి ఎవరూ అడగలేదు.

తలుపులు మూసేముందు అపా తెర ముందుకొచ్చి చెప్పారు. నేను రాబిగాని, ఇది నేను తీసిన సినిమా, ఎసిర్కెప్, దామెష్ నేను కల్పించిన మనుషులు, ఇష్టంలేనివాళ్లు వెళ్లొచ్చు, తాడు దగ్గర కట్టింది తిరిగిస్తాం అన్నారు. హాలంతా గౌరవంగా వింది. ఎవరూ కదల్లేదు. నా వెనకావిడ పక్కావిడతో, పాపం, పిల్లలు ఈమెని కూడా బెదిరించినట్టున్నారు అంది.

దీపాలు ఆరాయి.

కొంతసేపు గుసగుసలు. వీడియో బాగా తీశారే అని ఒకరు. గుర్రం ముసలిదైపోయింది పాపం అని ఇంకొకరు. తర్వాత గుసగుసలు ఆగిపోయాయి. ఎప్పుడు ఆగాయో నేను గమనించలేదు, ఎందుకంటే నేను కూడా తెరవైపే చూస్తున్నాను. తెర మీద కూతురు, అమ్మా, నలుగురూ నవ్వుతారే, పరువేం కాను అంది. దామెష్ కోటు విప్పి మేకుకి తగిలించబోయింది. అప్పుడు ముందు వరసలో ఒక ముసలావిడ లేచి నిలబడి, తగిలించకు, నవ్వేవాళ్లు నవ్వుతారు, నువ్వు వెళ్లు అంది. తెరతో. కోపంగా. హాలంతా, వెళ్లు, వెళ్లు అంది. దామెష్ కోటు మళ్లీ వేసుకుంది. సినిమాలో ఎలాగూ వేసుకుంటుంది. కానీ నిన్న వాళ్లు చెప్పబట్టే వేసుకుంది.

ఆఖరి సీను వచ్చింది. ఖాళీ బల్లలు. వచ్చినవాళ్లు నలుగురు. ఎసిర్కెప్ చెయ్యి చాపాడు, దామెష్ లేచింది, ఇద్దరూ ఆ ఖాళీ హాల్లో డాన్సు చేస్తున్నారు. నేను అపా పక్కనే ఉన్నాను. ఆమె తెరవైపు చూడటం లేదు. జనాన్ని చూస్తున్నారు.

ఎక్కడో వెనక నుంచి ఒక మిఠాయి వచ్చి తెరకి తగిలింది.

తర్వాత ఇంకొకటి. తర్వాత హాలు హాలంతా. సంచులు విప్పారు, జేబులు దులిపారు. తెర మీద ఖాళీ బల్లల మీద మిఠాయిలు కురిశాయి. జనం లేచి నిలబడి చప్పట్లతో దోంబ్రాకి తాళం వేశారు. తెర మీద పెళ్లికి రానివాళ్లంతా తెర బయట ఉన్నారు. జూనియర్ ఆర్టిస్టులు, ఇంతమంది, భోజనం వాళ్లే తెచ్చుకుని.

అపా చేత్తో నోరు మూసుకున్నారు.

దీపాలు వెలిగాక ఎవరూ కదల్లేదు. తెల్లగడ్డం పెద్దాయన ఒకరు లేచారు, దీవెన ఇవ్వడానికి. అందరూ అరచేతులు పైకి చాపారు. ఆయన గొంతు సవరించుకుని, సినిమా మొదలైన దగ్గర్నుంచి ఆలోచిస్తున్నాను, మా ఏడు తరాల్లో ఎసిర్కెప్ లేడు, నాకు ఈ ఎసిర్కెప్ ఎవరో తెలీదు అన్నారు.

తలలన్నీ ఆయనవైపు తిరిగాయి.

తెలీకుండానే వచ్చాను, అడగడానికి సిగ్గేసింది అన్నారు. కానీ ఇక్కడ కూర్చుని ఏడ్చాను, కాబట్టి ఇవాళ్టి నుంచి వీడు మావాడు.

నాకూ తెలీదు అన్నారు పక్కనెవరో. నాకూ. మాకూ. గుర్రం ఎక్కడం నేర్చుకున్నాయన లేచి, నాకు నేర్పింది వేరే ఎసిర్కెప్, ఆయన పోయి చాలా కాలమైంది, నాకు తెలుసు, అయినా వచ్చాను అన్నాడు. నవ్వు ఒక వరస నుంచి ఇంకో వరసకి పాకింది. తర్వాత ఆ పెద్దాయన దీవెన పూర్తి చేశారు, అందరూ అరచేతులతో మొహాలు తుడుచుకున్నారు, ఇంక టీ ఎక్కడ అన్నారు.

నటుడి భుజాల మీద ఎవరో కప్పిన చపాన్ కోటు ఆయన తిరిగివ్వబోతే, కప్పింది తీసుకోవడం మా ఇంట లేదు, కొత్త బంధువ్వి, ముందుముందు నేర్చుకుంటావులే అన్నారు.

మా అజె గౌరవస్థానంలో, ఎదురుగా, బౌర్సాకుల కుప్ప వెనక కూర్చుని ఉంది. ఏమీ మాట్లాడలేదు. అది ఆమె స్వభావం కాదు.

అక్టోబర్ 4

సినిమా మొదటి హాల్లో ఉంది. మార్లెన్ అగా తాడు కావాలన్నాడు, ప్రతి షోకీ. తొల్కిన్ అద్దెకిచ్చింది.

అక్టోబర్ 5

షిమ్‌కెంట్ నుంచి థియేటర్ వాళ్లు. కరగండా నుంచి. అక్తోబె నుంచి ఒకావిడ, అల్మాటీ వాళ్లకి చేసి మాకు చెయ్యకపోతే ఎలా, మేం మాత్రం చుట్టాలం కామా, మా ఊళ్లో ఎప్పుడు పెళ్లి అని రాసింది. అపా ఇద్దరు నటుల్నీ తీసుకుని బయల్దేరుతున్నారు. ఊరూరా పెళ్లి. దామెష్ వేసినావిడ కొత్త కోటు కొనుక్కుంది. పిల్లలు ఫోన్ చేశారట.

అక్టోబర్ 7

నగరంలో మార్కెటింగ్ మనుషులంతా చేరే సభకి నన్ను పిలిచారు. మెళ్లో పేరు కార్డు వేశారు. స్లైడ్లు చూపించాను. ఒక స్లైడ్ మీద 'నమ్మకం' అని, ఒక దాని మీద 'పావురం' అని ఉంది. అందరూ రాసుకున్నారు. ఒక కుర్రాడు లేచి, శుక్రవారం దాకా సున్నా, శనివారం ఉదయానికి దేశమంతా, ఆ మధ్యలో మీరేం చేశారు అన్నాడు. నేను గంభీరంగా కళ్లు మూసుకుని, అల్గారిథమ్ అన్నాను. చప్పట్లు కొట్టారు.

వస్తుంటే తొల్కిన్, సైట్ చేసింది నేను, తాడు నాది, సినిమా అపాది, ఎర్రక్షరాలు అపావి, పిలుపు ఐడియా మీ అజెది, ఇంతకీ నువ్వేం చేశావ్ జిగెర్ అంది.

మెళ్లో పేరు కార్డు తీసి జేబులో పెట్టుకున్నాను.

అక్టోబర్ 9

సెప్టెంబర్ 19, శుక్రవారం. ఆ రోజు రాయకుండా వదిలేసింది ఇది. మొహం అలా వేలాడదీశావేంట్రా అని అజె అడిగితే ఫోన్ ఇచ్చి లింక్ చూపించాను. ఆమె పావురాలన్నీ ఎగిరేదాకా చూసింది. నేను చేసింది ఒక్కటే. దగ్గరగా జరిగి, అజె, ఇది ఇంకా ఎవరికీ తెలీదు, నీకు దణ్ణం పెడతాను, ఎవరికీ చెప్పకు అన్నాను.